లాటీ మూన్ క్రిస్మస్ కానుక ఎలా మొదలైంది?

అమెరికాలో సదరన్ బాప్టిస్టు చర్చిలు విదేశీ మిషన్ల కోసం ప్రతి క్రిస్మస్‌కీ సేకరించే కానుక ఇది. దాని మూలం చైనాలో ఉంది. వర్జీనియాలో పుట్టి 1873లో మిషనరీగా అక్కడికి వెళ్లిన లాటీ మూన్, పింగ్‌టూ అనే ఊళ్లో ఒంటరిగా పనిచేస్తూ, తోడుగా మనుషుల్ని పంపమని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. 1887లో ఒక దారి కూడా చూపించింది: మెథడిస్టు స్త్రీలు చేస్తున్నట్టే మనవాళ్లూ క్రిస్మస్ ముందు వారం ప్రార్థనలో గడిపి, కానుకలు పోగుచేయాలని.

మరుసటి ఏడాది రిచ్‌మండ్‌లో స్త్రీల మిషనరీ యూనియన్ ఏర్పడింది. దాని కార్యదర్శి ఆనీ ఆర్మ్‌స్ట్రాంగ్ సంఘాలకు స్వయంగా చేత్తో ఉత్తరాలు రాసింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ ఓపికే. చైనాకు ఇద్దరు మిషనరీలను పంపడానికి 2,000 డాలర్లు కావాలనుకుంటే 3,315 డాలర్లు వచ్చాయి, ముగ్గురు వెళ్లగలిగారు.

మూన్ 1912 డిసెంబర్ 24న, స్వదేశానికి తిరిగి వస్తూ, జపాన్‌లోని కోబే రేవులో ఓడ మీదే చనిపోయింది. కానుకకు ఆమె పేరు పెట్టింది 1918లో.