చెప్పు ఊడినా తెలియట్లేదా? వయసు ఖాతాలో వేసేయకండి

ప్రశ్న: మా అమ్మకు 69 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతోంది. బీపీ మాత్ర, పరగడుపున గ్యాస్ మాత్ర కూడా ఉన్నాయి. మేం శాకాహారులం. దసరా నుంచి అరికాళ్లు తిమ్మిర్లు, దూది మీద నడిచినట్టు ఉందంటోంది. నీరసం, కాస్త మతిమరుపు. ఇద్దరు డాక్టర్లకు చూపిస్తే ఇద్దరూ ‘వయసు కదమ్మా, ఇలాగే ఉంటుంది’ అని కాల్షియం, బలం మాత్రలు రాశారు. అమ్మ కూడా ‘వయసైపోయింది, నాకెందుకు ఖర్చు’ అంటోంది. మొన్న గుడి నుంచి వస్తుంటే ఒక చెప్పు ఊడిపోయినా తెలియక అలాగే నడిచి వచ్చేసింది, పక్కింటావిడ తెచ్చి ఇచ్చింది. ఇదంతా వయసేనా డాక్టర్ గారూ? – ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు ఆ చెప్పు సంగతి. మీరు దాన్ని చివర్లో, ఏదో గుర్తొచ్చి రాసినట్టు రాశారు గానీ మీ మెయిల్ మొత్తంలో నన్ను పట్టి ఆపింది అదే. కాలికున్న చెప్పు ఊడితే ముందు తెలియాల్సింది అరికాలికి. ఆ కబురు నరాల మీదుగా, వెన్నుపాము గుండా మెదడుకు చేరాలి. చేరలేదంటే దారిలో ఎక్కడో తేడా ఉంది. ఎనభై దాటి పొలం గట్ల మీద నడిచేవాళ్లు మీ వైపు ఎంతమంది లేరు, వాళ్ల చెప్పులు వాళ్ల కాళ్లకే ఉంటున్నాయి కదా.

రెండోది, ‘దసరా నుంచి’ అన్నారు. వయసు దసరాకు వచ్చి కూర్చోదండీ. అది ఏళ్ల తరబడి, మనకే తెలియకుండా మీద పడుతుంది. చత్వారం వస్తుంది, నిద్ర పల్చబడుతుంది, తెలిసిన మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగి కాసేపటికి గుర్తొస్తుంది, ఇవి వయసు పనులు. ఫలానా పండగ నుంచి మొదలైందని ఇంట్లోవాళ్లు చెప్పగలుగుతున్నారంటే ఏదో కారణం ఉండి ఉంటుంది, దాన్ని వెతకాలి.

నా అనుమానం ముందుగా విటమిన్ బి12 మీద, అది తగ్గితే నరాలు దెబ్బతింటాయి. మెట్‌ఫార్మిన్ మంచి మందే, నేనూ రోజూ రాస్తాను. కానీ ఏళ్ల తరబడి వాడినప్పుడు కొందరిలో పేగులు బి12ను సరిగా పీల్చుకోవు. దానికి తోడు గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, తిండిలోంచి బి12 విడిపడాలంటేనేమో ఆ ఆమ్లమే కావాలి. ఇక మీరు శాకాహారులు, పాలూ పెరుగుల్లో వచ్చేదే ఆధారం. మూడూ ఒక్క మనిషిలోనే కలిశాయి! వయసు పాత్ర అసలు లేదని అనను, పెద్దయ్యాక కొందరిలో కడుపు లోపలి పొర పల్చబడి ఈ విటమిన్ ఒంటబట్టడం ఇంకా తగ్గుతుంది. అయితే అది పరీక్ష చేయించడానికి ఇంకో కారణం అవుతుంది గానీ మానేయడానికి కాదు. కాలేయంలో నిల్వ ఉంటుంది కాబట్టి లోటు వెంటనే బయటపడదు, ఏళ్లు పడుతుంది. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లలో ఇలాంటి లక్షణాలు కనిపిస్తే బి12 చూడమని 2022లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ డాక్టర్లకు ప్రత్యేకంగా చెప్పింది కూడా.

అమ్మగారిని ఒక్క మాట అడగండి. మొహానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు తూలుతున్నట్టు ఉంటోందా? కాళ్లు ఎక్కడున్నాయో నరాలు సరిగా చెప్పనప్పుడు మనిషి కళ్లతో చూసి నిలదొక్కుకుంటాడు, కళ్లు మూస్తే ఆ ఆసరా పోతుంది. అవునంటే అది డాక్టర్‌కి తప్పకుండా చెప్పాల్సిన విషయం. (అడగమన్నాను అంతే, పరీక్ష పెడదామని నిలబెట్టి కళ్లు మూయించకండి, పడితే తుంటి ఎముక విరిగేదాకా పోతుంది వ్యవహారం.)

అన్నీ బి12 మీదకే తోసేస్తే నేనూ ఆ ఇద్దరు డాక్టర్లు చేసిన పనే చేసినట్టు. షుగర్ వల్ల కూడా కాళ్ల నరాలు దెబ్బతింటాయి, థైరాయిడ్ తగ్గినా నీరసం, మతిమరుపు వస్తాయి, మెడ దగ్గర వెన్నుపాము నొక్కుకుపోయినా నడక తేడా కొడుతుంది. బీపీ మాత్రలో నీరు పోయే మందు కలిసి ఉంటే సోడియం తగ్గి మనిషి మందకొడిగా అయిపోవచ్చు. అందుకని బి12తో పాటు సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కి), సోడియం, క్రియాటినిన్ (కిడ్నీలకి), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు) చేయించండి. బీపీ ఒకసారి పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మళ్లీ చూడాలి. నిలబడగానే పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువ పడిపోతే తూలడానికి అదీ ఒక కారణమే. ట్యూనింగ్ ఫోర్క్ అని ఒక చిన్న ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్ని మోగించి కాలి బొటనవేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తోందా అని అడుగుతారు, అర నిమిషం పని. వేలకు వేలు పోసే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో అన్నీ ఉంటాయి, మనిషి కాలు ముట్టుకునే ఈ ఒక్కటీ తప్ప.

ఒక జాగ్రత్త. బి12 మాత్రలు, ఇంజెక్షన్లు మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వండి, తర్వాత ఇస్తే అంకె పెరిగిపోయి అసలు సంగతి తెలియదు. ఆ ‘బలం మాత్రల్లో’ బి12 ఉందేమో అట్ట చూడండి, ఉంటే డాక్టర్‌కి చెప్పండి. బి12 లోటు ఉన్నప్పుడు ఒట్టి ఫోలిక్ యాసిడ్ (ఇంకో బి విటమిన్) మాత్రమే వాడినా ప్రమాదమే, రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, నరాలు లోపల దెబ్బతింటూనే ఉంటాయి. మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపకండి. లోటు ఉందని తేలితే, నరాల లక్షణాలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి సాధారణంగా ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. తిమ్మిర్లు తగ్గడానికి వారాలు, నెలలు పట్టొచ్చు. ఆలస్యమైన కొద్దీ కొంత నష్టం అలాగే ఉండిపోతుంది, అందుకే ‘పండగ వెళ్లాక చూద్దాం’ అనుకోవద్దు.

ఇప్పుడు ఆ ‘వయసు’ మాట. నేనూ అన్నాను. ప్రాక్టీసు మొదలెట్టిన కొత్తల్లో 74 ఏళ్ల రైతు ఒకాయన నీరసం అని వచ్చాడు, బయట ఇంకా నలభై మంది కూర్చుని ఉన్నారు, నేను తల ఎత్తకుండానే ‘పెద్దాయనా, ఈ వయసులో ఇంకా అరక కడతావా ఏంటి’ అని నవ్వేసి టానిక్ రాసి పంపాను. నెల తర్వాత కొడుకు భుజం పట్టుకుని నడిపించుకుంటూ తెచ్చాడు. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల కాగితంలా తెల్లగా ఉంది. హిమోగ్లోబిన్ 6. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో కొనుక్కుని రోజూ మింగిన నొప్పి మాత్రల వల్ల కడుపులో పుండుపడి నెలల తరబడి రక్తం పోతోంది. మలం నల్లగా వస్తోందా అని నేను అడగలేదు, అడగలేదు కాబట్టి ఆయనా చెప్పలేదు. ఆ రెప్ప మొదటి రోజే లాగి చూడటానికి ఎంతసేపు పట్టేది చెప్పండి.

డాక్టర్లు ఆ మాట అనడానికి సమయం లేకపోవడం ఒక కారణం, అది అన్నాక ఎవరూ ఎదురు ప్రశ్న వేయకపోవడం ఇంకో కారణం. మీ అమ్మగారిలాంటి వాళ్లయితే పిల్లలకు ఖర్చు తప్పుతుందని తామే ముందుగా అనేస్తారు. కాబట్టి ఈసారి వెళ్లేటప్పుడు మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి, ఆయుర్వేదం పొడులు, షాపులో కొన్న నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు సహా. మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: ఎప్పటి నుంచి, అంతకు ముందు చేసుకునే ఏ పని ఇప్పుడు చేయలేకపోతోంది, ఆ చెప్పు సంగతి. అమ్మగారిని మాట్లాడనివ్వండి, మధ్యలో మీరు అందుకోకండి. మళ్లీ ‘వయసు’ అంటే గొడవ పడొద్దు, ‘ఇదే బాధతో నలభై ఏళ్ల మనిషి వస్తే ఏం పరీక్షలు రాస్తారు సార్, మాకూ అవే రాయండి’ అని అడగండి. చాలామంది డాక్టర్లు ఆ మాటకు పెన్ను మళ్లీ చేతిలోకి తీసుకుంటారు. తీసుకోకపోతే ఫిజీషియన్‌నో న్యూరాలజిస్ట్‌నో కలవండి.

కాళ్లు బరువెక్కి లేవలేకపోయినా, మూత్రం ఆపుకోలేకపోయినా, రాత్రికి రాత్రి మాట తడబడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, పడి తలకు దెబ్బ తగిలినా ఈ రిపోర్టుల కోసం ఆగొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

బి12 ఎంత వచ్చిందో రాయండి, రిపోర్టులో pg/mL కొలతలో 200 కన్నా తక్కువ ఉంటే లోటు కిందే లెక్క, 300 లోపు ఉన్నా ఈ లక్షణాలతో వదిలేయకూడదు. ఈలోగా అమ్మగారికి వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనివ్వండి. రాత్రిపూట బాత్రూం దారిలో చిన్న లైటు వెలుగుతూ ఉండనివ్వండి.