అరకు ఘాట్ ఎక్కబోయే మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నువ్వూ నీ స్నేహితులూ కలిసి ఎనిమిది మంది జనవరిలో శృంగవరపుకోట, అరకు, పాడేరు, లంబసింగి మీదుగా వారం రోజుల సైకిల్ యాత్ర తలపెట్టారని తెలిసి ఎంతో సంతోషించాను. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కగలగాలని అడిగావు. అంతకంటే ముందు చూసుకోవలసింది, ఇవాళ తొక్కిన కాళ్లు రేపు పొద్దున మళ్లీ తొక్కడానికి సిద్ధంగా ఉంటాయా లేదా అన్నది. ఒకరోజు వంద కిలోమీటర్లు తొక్కి మర్నాడు మంచం దిగలేనివాడికంటే, రోజూ యాభై తొక్కి మర్నాడు వేళకు బయలుదేరగలిగినవాడే ఇటువంటి యాత్రకు తగినవాడు. సాధనైనా, సైకిలైనా, తిండైనా ఈ లెక్కలోనే చూసుకో.

సాధనకు కనీసం ఎనిమిది వారాలు కేటాయించండి. బీచ్ రోడ్డులో భీమిలి దాకా వెళ్లి రావడం ఊపిరికి మంచిదే గాని, కొండ ఎక్కడం అది నేర్పదు. కైలాసగిరి ఎత్తు సుమారు 170 మీటర్లు, అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అంటే శృంగవరపుకోట దాటాక మీరు ఎక్కబోయేది కైలాసగిరిని కనీసం అయిదుసార్లు వరసగా, మధ్యలో కిందికి దిగకుండా ఎక్కినంత. కాబట్టి వారంలో రెండు ఉదయాలు కైలాసగిరి గాని సింహాచలం ఘాట్ గాని ఎక్కండి. మొదట ఒకసారి, కొన్నాళ్లకు రెండుసార్లు, ఆ తరువాత మూడుసార్లు. శనివారం ఎంత అలసినా ఆదివారం తప్పక తొక్కండి, ఎందుకంటే అలసిన కాళ్లతో తొక్కే ఆ రెండో రోజే అసలైన శిక్షణ. బయలుదేరే ముందు వారం మాత్రం సగానికి సగం తగ్గించి, బాగా నిద్రపోండి.

ఘాట్‌లో గేరు మార్చే వేళ ముఖ్యం. ఏటవాలు మొదలైపోయి, పెడలు బరువెక్కాక మారిస్తే చైను కిర్రుమంటుంది, ఒక్కోసారి జారిపోతుంది. మలుపు అవతల ఎత్తు కనబడగానే, కాళ్లు ఇంకా తేలిగ్గా తిరుగుతున్నప్పుడే చిన్న గేరులోకి రావాలి. పక్కవాడితో మాట్లాడుతూ ఎక్కగలిగినంత వేగమే సరైన వేగం. మాట తెగిపోతున్నదంటే రేపటి బలాన్ని ఈ రోజే ఖర్చుపెడుతున్నావని అర్థం. సీటు ఎత్తు కూడా సరిచూసుకో. పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఆనిస్తే మోకాలు నిటారుగా ఉండాలి. సీటు పల్లంగా ఉంటే ఆ భారమంతా మోకాళ్ల మీద పడి, మూడో రోజుకు నొప్పి మొదలవుతుంది.

సైకిళ్లను ప్రయాణానికి రెండు వారాల ముందే మెకానిక్‌కు చూపించండి. కొత్త చైను, కొత్త టైరు, కొత్త సీటు ఏవైనా ముందు రోజు బిగించుకోవద్దు, వాటితో కనీసం వంద కిలోమీటర్లు తిరిగి చూడండి. అన్నిటికంటే శ్రద్ధగా చూడవలసినవి బ్రేకు రబ్బర్లు. వాటి మీది గాడులు అరిగి నున్నగా అయిపోయాయంటే మార్చవలసిందే. రబ్బరులో ఇసుక రేణువులు, లోహపు ముక్కలు దిగబడి ఉంటే సూదితో పెకలించి తీయాలి, లేకపోతే అవి రిమ్మును గీసేస్తాయి. డిస్క్ బ్రేకులైతే ప్యాడ్ల మందం చూడండి. తలా రెండు ట్యూబులు, జట్టు మొత్తానికి రెండు పంపులు, పంక్చరు సామాను, చైను లింకులు, బ్రేకు తీగలు, గేరు తీగలు ఉంటే చాలు. అరకు, పాడేరులలో మామూలు సైకిల్ రిపేరు దొరికినా, గేర్ల సైకిలు సామాను దొరుకుతుందని నమ్ముకోవద్దు.

ఆదివారం నగరం నుంచి బయలుదేరితే ఘాట్ ఎక్కడం సోమ, మంగళవారాల్లో పడుతుంది. జనవరిలో సెలవు రోజుల్లో ఆ దారి నిండా పర్యాటకుల కార్లే కాబట్టి ఈ ఏర్పాటు మేలు. మొదటి రోజు శృంగవరపుకోట, రెండో రోజు అనంతగిరి, మూడో రోజు సుంకరమెట్ట కాఫీ తోటల మీదుగా అరకు. బొర్రా గుహలకు దిగే దారి తిరుగు ప్రయాణంలో మళ్లీ ఎక్కవలసినదే కాబట్టి, ఆ రోజు ఒంట్లో ఓపిక చూసుకుని నిర్ణయించుకోండి. నాలుగో రోజు విశ్రాంతి. అరకు, పాడేరు దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి కదా అని అయిదో రోజును తేలిక చేయవద్దు, ఆ నలభై అయిదు కిలోమీటర్లలోనూ ఎక్కి దిగే మిట్టలు చాలా ఉన్నాయి. ఆరో రోజు చింతపల్లి మీదుగా లంబసింగి చేరడం వారంలో కష్టమైన రోజు, తెల్లవారగానే కదలండి. ఏడో రోజు నర్సీపట్నం మీదుగా అనకాపల్లి చేరి అక్కడితో ముగించి, సైకిళ్లను వ్యానెక్కించండి. వారమంతా అలసిన ఒంటితో జాతీయ రహదారి మీద లారీల మధ్య తొక్కవలసిన అవసరం లేదు.

నాకు ఎక్కడంకంటే దిగడం గురించే ఎక్కువ ఆందోళన. లంబసింగి నుంచి డౌనూరు వైపు దిగేటప్పుడు మంచు పూర్తిగా విడిచేదాకా ఆగండి. ఆ చలిలో వేళ్లు కొంకర్లుపోయి బ్రేకు పట్టు తప్పుతుంది, చేతి తొడుగులు తప్పనిసరి. బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. ముందూ వెనకా బ్రేకులను విడతలు విడతలుగా వాడుతూ, మలుపులోకి ప్రవేశించక ముందే వేగం తగ్గించుకోవాలి. ఇద్దరి మధ్య కనీసం ముప్పై మీటర్ల ఎడం ఉండాలి. దిగేటప్పుడు పందెం వేసేవాడెవడైనా మీలో ఉంటే, వాణ్ని ఇప్పుడే మందలించు.

దారి తెలిసినవాడు ముందు, రిపేరు తెలిసినవాడు అందరికంటే వెనుక ఉండాలి. వెనుకవాడు ఎవరినీ దాటిపోకూడదు. దారి చీలిన ప్రతి చోటా ముందువాళ్లు ఆగి, అందరూ వచ్చాకే కదలాలి. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు కనుక ఈ నియమమే మీకు ఆధారం. నెమ్మదిగా తొక్కేవాడు చేరుకోగానే మిగతావాళ్లు లేచి బయలుదేరడం తగదు, అతనికీ పది నిమిషాల విశ్రాంతి ఇవ్వాలి.

ఆకలి వేసేదాకా ఆగకుండా ముప్పావుగంటకొకసారి అరటిపండో, వేరుశనగ ఉండో తినండి. దొరికిన చోట చోడి (రాగి) అంబలి తాగండి, కడుపుకు బరువు కాదు. నీళ్లలో ఓఆర్ఎస్ కలుపుకోండి. మన్యంలో మలేరియా ఉంది. దోమతెర కింద పడుకోండి, తిరిగి వచ్చాక నెల రోజుల్లోపు ఎవరికి జ్వరం వచ్చినా రక్తపరీక్ష చేయించండి.

వచ్చే ఆదివారం ఉదయం అయిదున్నరకు మీ ఎనిమిది మందీ సైకిళ్లతో హనుమంతవాక కూడలికి రండి. ఎవరి బ్రేకులు ఎలా ఉన్నాయో నేనే స్వయంగా చూసి, కైలాసగిరి మీదికి మీతో పాటు ఎక్కుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య