చెట్టు చాటున స్పీడ్ గన్, ఫోన్‌లో చలాన్: మీరడిగారు, మేం చెప్తున్నాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా స్పీడ్ కెమెరాల మీదే ఉన్నాయి, అందులో తిట్లు తీసేసి మిగిలిన ప్రశ్నలకి జవాబులివి.

అన్నా, నేను మెడికల్ రెప్‌ని, కోదాడ నుంచి రాస్తున్నా. వారంలో నాలుగు రోజులు హైవే మీదే ఉంటా. మొన్న ఓవర్ స్పీడ్ అని వెయ్యి రూపాయలు చలాన్ మెసేజ్ వచ్చింది, ఎక్కడ కొట్టారో కూడా నాకు తెలీదు. తర్వాత ఎవరో చెప్పారు చెట్టు పక్కన గన్ పెట్టుకుని కూర్చుంటారంట. దాక్కుని ఫోటో కొట్టడం ఏం న్యాయం?

న్యాయం సంగతి తర్వాత, ముందు రూల్ చెప్తా తమ్ముడూ. 2019లో మోటారు వాహనాల చట్టానికి 136ఎ అని ఒక సెక్షన్ చేర్చారు, దాని కింద 2021 ఆగస్టులో 167ఎ రూల్ వచ్చింది. అందులో ఏముందంటే కెమెరా గానీ స్పీడ్ గన్ గానీ వాడే చోట ముందే బోర్డు పెట్టాలి, అది జనానికి కనపడాలి, తప్పు జరిగిన 15 రోజుల్లోపు నోటీసు రావాలి, ఇంకా ఈ పరికరాలు ఎక్కడ పడితే అక్కడ కాదు, హైవేల మీద ప్రమాదాలెక్కువ ఉన్న చోట్ల, రద్దీ ఎక్కువున్న చోట్ల పెట్టాలి అని. కాబట్టి బోర్డు లేకుండా చెట్టు చాటున కూర్చోవడం ఆ రూల్ స్ఫూర్తికి పూర్తిగా వ్యతిరేకం, ఇందులో నాకేం డౌట్ లేదు.

అసలు నా గొడవ వేరే. నువ్వు ఊరి క్రాసింగ్ దగ్గర 110లో వెళ్లావనుకో, ఆ మెసేజ్ నీ ఫోన్‌కి వచ్చేసరికి నువ్వు సూర్యాపేటలో టీ తాగుతుంటావ్. ఆ క్రాసింగ్‌లో గడ్డిమోపుతో రోడ్డు దాటే ముసలామెకి ఆ చలాన్ వల్ల ఒరిగిందేంటి? అదే కెమెరా పచ్చగా మెరిసే డబ్బాలో, అర కిలోమీటరు ముందే బోర్డుతో ఉంటే నువ్వు అక్కడ 70కి దిగేవాడివి, ప్రభుత్వానికి వెయ్యి రాదు కానీ పని అయ్యేది. దాచిన కెమెరాతో డబ్బులొస్తాయి, కనపడే కెమెరాతో స్పీడ్ తగ్గుతుంది. కెమెరాలు పనిచేస్తాయా అంటే చేస్తాయి. వైద్య, ఆరోగ్య పరిశోధనల్ని కలిపి తూకం వేసే కోక్రేన్ అనే సంస్థ వాళ్లు 2010లో 35 స్టడీలు కలిపి చూస్తే కెమెరాలున్న చోట్ల చావులు, తీవ్ర గాయాలయ్యే ప్రమాదాలు చాలా స్టడీల్లో 11 నుంచి 44 శాతం దాకా తగ్గాయి. అలాగని నువ్వు 110లో వెళ్లడం కరెక్ట్ అయిపోదు, అది కూడా ఒప్పుకోవాలి మరి.

నేను హన్మకొండలో టీచర్‌నండి. మా కారు మీటర్లో 90 దాటలేదు, ఆయన నడుపుతుంటే నేను పక్కనే కూర్చుని చూస్తూనే ఉన్నా. చలాన్‌లో మాత్రం 103 అని ఉంది. మిషన్ తప్పు చూపించే ఛాన్స్ ఉందా?

మేడమ్, మీ లెక్క నిజమైతే ఇది కొంచెం తేడాగానే ఉంది. ఎందుకంటే కంపెనీలు స్పీడోమీటర్‌ని అసలు స్పీడ్ కంటే కాస్త ఎక్కువే చూపించేలా చేస్తాయి, మీటర్లో 90 ఉంటే ఫోన్ జీపీఎస్‌లో 85, 86 కనపడటం మామూలే. అంటే గన్‌లో మీ మీటర్ కంటే తక్కువ రావాలి, మీకు ఎక్కువ వచ్చింది. టైర్లు మార్చి పెద్ద సైజు వేయించారా? వేయిస్తే మీటర్ తక్కువ చూపిస్తుంది, ముందు అది చూసుకోండి.

లేజర్ గన్ చేసేదేంటంటే సెకనుకి వందల సార్లు ఇన్‌ఫ్రారెడ్ కాంతి వదిలి అది బండికి తగిలి వెనక్కొచ్చే టైమ్ బట్టి దూరం కొలుస్తుంది, ఆ దూరం ఎంత వేగంగా మారుతోందో అదే మీ స్పీడ్. రాడార్ అయితే తిరిగొచ్చే తరంగం ఫ్రీక్వెన్సీలో తేడా చూస్తుంది. పక్క నుంచి వంకరగా గురిపెడితే రీడింగ్ తగ్గుతుందే గానీ పెరగదు, 20 డిగ్రీల కోణంలో 100లో వెళ్లే బండి 94గా కనపడుతుంది, అది మీకే లాభం. తప్పు ఎక్కువగా జరిగేది వేరే చోట, ఫ్రేమ్‌లో రెండు బండ్లు ఉన్నప్పుడు పక్కదాని స్పీడ్ మీ ఖాతాలో పడొచ్చు, లేదా నంబర్ ప్లేట్‌లో 8ని 3గా చదవొచ్చు. కాబట్టి చలాన్‌లో ఫోటో తెరిచి అది మీ బండేనా, ఫ్రేమ్‌లో ఇంకోటి ఉందా, టైమ్ ప్లేస్ సరిపోయాయా చూడండి. ఆ పరికరానికి ఏటా రెన్యూ చేసే సర్టిఫికెట్ ఉండాలని రూల్‌లోనే ఉంది, అది అడిగే హక్కు మీకుంది. ఈ-చలాన్ సైట్‌లో కంప్లైంట్ పెట్టండి, వినకపోతే కోర్టు ఉంది. అయితే చెప్పొద్దూ, మా ఆయన 90 దాటలేదు అనే మాట మాకు చాలా ఉత్తరాల్లో వస్తుంటుంది.

ఓఆర్ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్) మీద 120 అలవెన్స్ ఉంది కదా, 80 దాటగానే కారు బీప్ బీప్ అని చంపుతోంది, మెకానిక్ తీసేస్తా అంటున్నాడు. తీయించొచ్చా? (నల్లగండ్ల)

వద్దు. 2019 జూలై 1 తర్వాత తయారైన కార్లన్నిటికీ అది తప్పనిసరి, 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగాలి. ఇంకోటి, 2023లో 120కి పెంచారు నిజమే గానీ అది కుడివైపు రెండు లేన్లకే, ఎడమవైపు రెండు లేన్లలో 80. చాలామంది ఎడమ లేన్‌లో 110లో లారీల మధ్య దూరి వెళ్లి చలాన్ రాగానే లిమిట్ 120 కదా అంటారు.

25 కిలోమీటర్లు 100లో వెళ్తే 15 నిమిషాలు, 120లో వెళ్తే పన్నెండున్నర. ఆ రెండున్నర నిమిషాల కోసం ఏం ఇస్తున్నామంటే, తడి లేని రోడ్డు మీద మంచి టైర్లతో కూడా 100లో ఆగడానికి దగ్గర దగ్గర 83 మీటర్లు పడితే 120లో 110 దాటుతుంది.

లండన్ దగ్గర ఉంటాను. ఇక్కడ మోటార్‌వే పనులు జరిగే చోట యావరేజ్ స్పీడ్ కెమెరాలుంటాయి, అందరూ బుద్ధిగా వెళ్తారు. మన దగ్గర ఎందుకు పెట్టరు?

మంచి ప్రశ్న, దీనికోసమే కాలమ్‌లో ఎక్కువ చోటు అడిగా. ఒక్క చోట నిలబడే కెమెరాతో ఇబ్బంది అందరికీ తెలిసిందే, మ్యాప్స్‌లో అమ్మాయి గొంతు హెచ్చరించగానే బ్రేక్, దాటగానే మళ్లీ యాక్సిలరేటర్. యావరేజ్ కెమెరా అలా కాదు, మొదట ఒక చోట నంబర్ ప్లేట్ చదువుతుంది, కొన్ని కిలోమీటర్ల తర్వాత ఇంకో చోట చదువుతుంది, దూరాన్ని టైమ్‌తో భాగిస్తుంది, మధ్యలో ఎక్కడ తొక్కినా దొరుకుతావ్. బ్రిటన్‌లో ఇది 1999 నుంచీ, ఇటలీలో ట్యూటర్ అనే పేరుతో 2005 నుంచీ ఉంది.

మన ఓఆర్ఆర్ దీనికి చేసి పెట్టినట్టుంటుంది. 158 కిలోమీటర్ల రింగు, ఎక్కేచోట దిగేచోట టోల్, ఎంత దూరం వెళ్తే అంత డబ్బు, అంటే ఫాస్టాగ్ ఇప్పటికే మీ టైమ్ రెండు చోట్లా నోట్ చేస్తోంది. 50 కిలోమీటర్లు 22 నిమిషాల్లో వెళ్లావంటే సగటు 136, ఇంక గన్ను, చెట్టు, కానిస్టేబుల్ ఎందుకు? లేన్‌కో లిమిట్ ఉంది కాబట్టి ఎడమ లేన్‌లో 110లో దూరినవాడు ఇందులో దొరకడు, దానికి వేరే కెమెరాలు కావాలి, టోల్ డేటాని చలాన్‌కి వాడాలంటే రూల్ స్పష్టంగా ఉండాలి, అవన్నీ నిజమే. అయినా మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి రోడ్డు మన దగ్గర లేదు.

(అన్నట్టు, రోడ్డు పక్క స్పీడ్ కెమెరా పుట్టించినాయన మారిస్ గాట్సొనిడెస్ అని డచ్ ర్యాలీ డ్రైవర్, 1953లో మోంటే కార్లో ర్యాలీ గెలిచాడు. ఆయన ఆ మిషన్ చేసుకుంది మలుపుల్లో తను ఇంకా స్పీడ్‌గా ఎలా వెళ్లాలో కొలుచుకోడానికంట.)

సర్, నా బైక్ మీద 6 చలాన్లున్నాయి. మళ్లీ డిస్కౌంట్ ఇస్తారా? ఇస్తే ఆగుతా. (కరీంనగర్, డిగ్రీ స్టూడెంట్)

నిన్ను తిట్టలేను బాబూ, ఈ అలవాటు చేసింది ప్రభుత్వమే. తెలంగాణలో 2022 మార్చిలో బైకులకి 75 శాతం తగ్గించారు, మళ్లీ 2023 డిసెంబర్‌లో 80 శాతం, కార్లకి 60. టైమ్‌కి కట్టినోడు ఫుల్‌గా కట్టాడు, ఎగ్గొట్టినోడికి రాయితీ దొరికింది. లక్షలు పోసి కెమెరా కొని, ఫోటో తీసి, చివర్లో దీపావళి సేల్ పెడితే ఆ కెమెరాకి ఎవడు భయపడతాడు? లండన్ ఆయన ఊళ్లో అయితే 100 పౌండ్లు, లైసెన్స్ మీద 3 పాయింట్లు, మూడేళ్లలో 12 పాయింట్లు చేరితే మామూలుగా లైసెన్స్ పోతుంది. పాయింట్లకి డిస్కౌంట్ ఉండదు. మన దగ్గర స్పీడ్‌కి ఎక్కువగా డబ్బే శిక్ష, ఆ డబ్బు కూడా బేరం.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే అందులో 71 శాతం పైన ఓవర్ స్పీడ్ కింద రాశారు. డిస్కౌంట్ వస్తుందో రాదో నేను చెప్పను, ఆరూ కట్టెయ్.

బైక్ అమ్మేసి ఏడాది అయింది, చలాన్లు నాకే వస్తున్నాయండి. ఏం చేయాలి? (గుంటూరు)

ఆర్‌సీ మీ పేరు మీదే ఉంది కాబట్టి వస్తున్నాయి. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో ఆర్టీవోకి మీరే చెప్పాలి, కొన్నాయన 30 రోజుల్లో మార్చుకోవాలి. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ఇచ్చేసి మర్చిపోయి ఉంటారు. అమ్మిన రోజు కాగితం గానీ డబ్బు పడిన బ్యాంక్ మెసేజ్ గానీ వెతికి తీసుకుని ఆర్టీవో ఆఫీస్‌లో రాతపూర్వకంగా ఇవ్వండి, అదే కాగితం కాపీతో ఈ-చలాన్ సైట్‌లో కంప్లైంట్ పెట్టండి, కొన్నాయన ఫోన్ ఎత్తకపోతే పోలీస్ స్టేషన్‌లో కూడా ఒక అర్జీ ఇచ్చి రిసీట్ తీసుకోండి.