ముందు ఆ గ్రహం మీద నిలబడి చూడు

తమ్మీ,

నీ కథ చదివాను. భూమి నుంచి బయల్దేరిన పన్నెండు మంది ఒక పచ్చటి గ్రహం మీద దిగడం, అక్కడివాళ్ళు ఈటెలు పట్టుకుని మీద పడడం, కెప్టెన్ లేజర్ గన్ తీయడం, ఆఖరికి ముగ్గురే ప్రాణాలతో బయటపడడం. ఎక్కడా పక్కన పెట్టబుద్ధి కాలేదు. వాక్యం నీ మాట వింటోంది. అందుకే వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టి ఊరుకోకుండా ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నాకు అడ్డం పడింది ఒక్కటే. ఆ గ్రహం వాళ్ళు వీళ్ళ మీద ఎందుకు పడ్డారు? "పుట్టుకతోనే క్రూరమైన జాతి" అని ఒక్క ముక్క రాసి యుద్ధంలోకి దూకేశావు. పుట్టుకతోనే క్రూరులైతే ఇక వాళ్ళ గురించి తెలుసుకోవడానికి ఏం మిగిలింది? తెలుసుకోవడానికి ఏమీ లేనివాళ్ళతో ఎంత పెద్ద యుద్ధం పెట్టినా చదివేవాడికి టెన్షన్ పుట్టదు. ఎవరు గెలుస్తారో చూడడం ఒక్కటే మిగులుతుంది, అది మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

బయటివాళ్ళను దగ్గరికి రానివ్వని తెగ ఉండే అండమాన్‌లోని నార్త్ సెంటినెల్ దీవి సంగతి నీకు తెలుసు. 2018లో ఒక అమెరికన్ మత ప్రచారకుడు అక్కడ అడుగుపెట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు. 2004 సునామీ తర్వాత ఆ దీవివాళ్ళు బతికి ఉన్నారో లేదో చూద్దామని వెళ్ళిన హెలికాప్టర్ మీదికి ఒకతను విల్లు ఎక్కుపెట్టిన ఫొటో చూసే ఉంటావు. ఇక్కడితో ఆగితే నీ కథలోని జాతి వీళ్ళే. కొంచెం వెనక్కి పో. 1880లో పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి ఆ దీవి మీద దిగి, ఒక ముసలి జంటను, నలుగురు పిల్లలను పట్టుకుని పోర్ట్ బ్లెయిర్ తీసుకుపోయాడు. అందరికీ జబ్బు చేసింది. ముసలివాళ్ళిద్దరూ చనిపోయారు. పిల్లల చేతిలో కానుకలు పెట్టి మళ్ళీ దీవి మీద దింపి వచ్చారు. ఆ పిల్లలు ఇంటికి పోయి ఏం చెప్పి ఉంటారు? వాళ్ళ వెంట ఏ రోగం లోపలికి పోయి ఉంటుంది?

ఇప్పుడు ఇటు రా. 1991 జనవరిలో మన ఆంత్రొపాలజిస్టులు, అంటే మనుషుల జాతులను, బతుకులను చదివేవాళ్ళు, పడవలో కొబ్బరికాయలు తీసుకుపోతే అదే దీవివాళ్ళు నీళ్ళలోకి దిగి వచ్చి తీసుకున్నారు. ఆ బృందంలో ఉన్న మధుమాల చట్టోపాధ్యాయ తర్వాత ఒక సంగతి చెప్పారు. ఒడ్డు మీద ఒక కుర్రాడు తన మీదికి విల్లు ఎక్కుపెడితే, పక్కనున్న ఆడమనిషి అతన్ని ఒక్క తోపు తోసిందట, బాణం నీళ్ళలో పడిందట. చూశావా, ఒకే ఒడ్డు మీద, ఒకే నిమిషంలో, బాణం వేసేవాడూ ఉన్నాడు, వద్దని తోసినామె కూడా ఉంది. నీ గ్రహం మీద అట్లా తోసే మనిషి ఒక్కరూ లేరు. అందరూ ఒకే గొంతుతో అరుస్తారు, ఒకే అడుగు వేస్తారు.

తర్వాత, నీ నౌక ఎక్కడ దిగింది? "విశాలమైన మైదానం" అన్నావు. ఎవరి మైదానం? మన చంద్రయాన్-3 ల్యాండర్, బయల్దేరినప్పుడు ఇంధనంతో సహా దాని బరువు సుమారు 1,750 కిలోలు. 2023 ఆగస్టు 23న అది చంద్రుడి మీద దిగినప్పుడు ఇంజిన్ల ధాటికి రెండు టన్నులకు పైగా మట్టి లేచి, నూరు చదరపు మీటర్లకు పైగా చెదిరిపోయిందని ఇస్రో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. చంద్రుడి మీద పంట లేదు, పశువు లేదు, కాబట్టి ఎవరికీ నష్టం లేదు. పన్నెండు మందిని మోసే నీ నౌక దానికి ఎన్నో రెట్లు బరువుంటుంది. అది గాలి ఉన్న చోట, ఎండిన గడ్డి మీద మంటలు కక్కుతూ దిగితే? కోతకొచ్చిన చేను ఒక్క పూటలో బూడిద. నీ హీరో తలుపు తెరిచి "మేం శాంతి కోసం వచ్చాం" అంటున్నప్పుడు అవతల ఒక ఊరి ఏడాది తిండి కాలిపోతూ ఉంటుంది. ఈటె తీసుకుని రాక ఏం చేస్తారు? ఆ సీన్ రాయి. పొగ ఎటు పోయింది, ఎవరు ముందు ఉరికారు, పశువుల పలుపులు విప్పింది ఎవరు, తలుపు తెరుచుకున్నప్పుడు అటు చూసే తీరిక అసలు ఎవరికైనా ఉందా. ఎండాకాలం మక్క చేను అంటుకుంటే ఊరు ఊరంతా ఎట్లా ఉరుకుతుందో చూసినవాడివి, నీకు నేను చెప్పేదేముంది.

కెప్టెన్ తలుపులోంచి దూకి పరుగెత్తడం కూడా తీసెయ్. నెలల తరబడి బరువు తెలియకుండా తేలినవాడికి నేల మీద కాళ్ళు నిలవవు. అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలుండి సోయజ్ క్యాప్సూల్‌లో తిరిగొచ్చినవాళ్ళను పట్టుకుని బయటికి తీసి కుర్చీల్లో కూర్చోబెట్టడం నువ్వు టీవీలో చూశావు. తల తిప్పితే కళ్ళు తిరుగుతాయి. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా ఇరవై రోజులే ఉండి వచ్చాడు, అతనికీ బయటికి నడిచేటప్పుడు పక్కన చెయ్యి పట్టుకునేవాళ్ళు కావలసి వచ్చింది. మరి నీవాళ్ళకు కుర్చీ వేసేదెవరు? మొదటి రోజు ఆ గ్రహం మీద అందరికన్నా బలహీనులు వీళ్ళే. కాళ్ళు వణికే మనిషి చేతిలో లేజర్ గన్ ఉంటే, పొద కదిలినా కాలుస్తాడు. ఇక్కడ నీకు విలన్ అక్కర్లేదు.

మన ఆదిలాబాద్ అడవుల్లో జరిగింది చూడు. పోడు కొట్టుకున్న భూముల నుంచి గోండులను అటవీ అధికారులు వెళ్ళగొట్టారు, పశువుల మేతకు పన్నడిగారు, కట్టెకు పన్నడిగారు. ఇవన్నీ అయ్యాకే కొమురం భీం జోడేఘాట్ గుట్టల్లో పోరుకు దిగాడు. 1940లో నిజాం బలగాలు ఆయన్ను కాల్చి చంపాయి. ఆ తర్వాత నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ అనే ఆంత్రొపాలజిస్టును పంపి గోండుల సంగతేమిటో చూసి చెప్పమంది. ఆయన మార్లవాయిలో మకాం పెట్టి, వాళ్ళ మధ్య బతికి, భూములు ఎట్లా చేజారాయో రాశాడు. తుపాకి ముందు వెళ్ళింది, ఎందుకని అడిగే మనిషి తర్వాత వెళ్ళాడు. నీ నౌకలో డాక్టర్ ఉంది, ఇంజినీర్లు ఉన్నారు, ఇద్దరు గన్‌మెన్లు ఉన్నారు. ఆ అడిగే మనిషి ఏడీ? బదులుగా మెడలో వేలాడే ట్రాన్స్‌లేటర్ మెషిన్ పెట్టావు, అది మొదటి నిమిషం నుంచే అన్నీ చక్కటి తెలుగులో చెబుతుంది. దాన్ని పారెయ్. భాష రాని చోట అవతలి మనిషి చెయ్యి ఎత్తితే, అది రమ్మనడమో, ఆగమనడమో, కొడతాననడమో తెలియక ఇవతలివాడికి చెమటలు పడతాయి. ఆ కాసేపు నీకు పది పేజీల సరుకు.

ఇక "వెనుకబడిన గ్రహం" అన్నావు. ఉండేది హన్మకొండలోనే కదా, ఒక ఆదివారం ఖిలా వరంగల్‌కు పో. తోరణాల దగ్గర ఫొటోలు తర్వాత. ముందు మట్టికోట ఎక్కి చూడు, తర్వాత రాతికోట దర్వాజాలోంచి లోపలికి పోయే దారి చూడు. అది తిన్నగా పోదు. అడుగుపెట్టగానే ఎదురుగా గోడ, పక్కకు తిరగాలి, మళ్ళీ ఇంకో పక్కకు తిరగాలి. ఇప్పటికీ బండ్లు అక్కడ హారన్ కొట్టుకుంటూ మెల్లగా మలుపు తిరుగుతాయి. ఏనుగు ఊపందుకుని తలుపును గుద్దకుండా, లోపలికొచ్చిన దండు బారు తెగిపోయేట్టు, పైనుంచి అన్ని పక్కలా కొట్టడానికి వీలుగా కట్టిన మలుపులవి. లేజర్ గన్ తిన్నగానే కాలుస్తుంది, మలుపు తిరగదు. నీవాళ్ళను అట్లాంటి ఒక సందులోకి పంపి చూడు. మట్టికోటదీ ఇదే తెలివి. విసిరిన రాయికి రాతిగోడ పగులుతుంది, మట్టికట్ట దాన్ని మింగేస్తుంది. 1310లో ఢిల్లీ సేనాపతి మాలిక్ కాఫుర్ దండు రాతికోట దాకా పోవడానికి ముందు ఈ మట్టి దగ్గరే చాలా రోజులు ఆగవలసి వచ్చింది.

1323లో ఓరుగల్లు పడిపోవడానికి ముందు ఢిల్లీ సుల్తాన్ కొడుకు ఉలుగ్ ఖాన్ ముట్టడి ఒకటి చెడిపోయింది, అది నీ కథకు బాగా పనికొస్తుంది. ఢిల్లీ నుంచి రావలసిన టపా ఆగింది. సుల్తాన్ చనిపోయాడని పుకారు లేచింది. సర్దారులు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు, అంత దండూ చెదిరి దేవగిరి దాకా వెనక్కి పోయింది. నీ కెప్టెనేమో "సెంటర్‌ను అడగండి" అంటాడు, వెంటనే జవాబు వస్తుంది. అంగారకుడి నుంచి భూమికి ఒక మాట చేరడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి, అక్కడ నిలబడి ఒక ప్రశ్న అడిగితే జవాబుకు ఎనిమిదిన్నర ఏళ్ళు ఆగాలి. కెప్టెన్‌కు పైన ఎవరూ లేరు, అన్నీ అతనే తేల్చుకోవాలి. ఆ పన్నెండు మంది మధ్య "మనల్ని వదిలేశారట" అనే ఒక్క మాట వదిలి చూడు, సగం కథ అదే నడుస్తుంది.

ఓరుగల్లు పేరెత్తాను కాబట్టి నాకు అన్నింటికన్నా ముఖ్యమైన మాట చెప్తాను. ఢిల్లీ దండు వచ్చినప్పుడు ఓరుగల్లు ముట్టడిలో చిక్కిన మనిషి. అదే ఓరుగల్లు మేడారం నుంచి చూస్తే ఎవరు? జాతరలో చెప్పుకునే కథ ప్రకారం, కరువులో కప్పం కట్టలేమన్న కోయల మీదికి దండు పంపింది కాకతీయులే. పగిడిద్దరాజు, సమ్మక్క, సారలమ్మ ఎదురు నిలబడింది ఆ దండుకే. జంపన్న ఒరిగిన వాగుకు ఆయన పేరే మిగిలింది. రామప్ప గుడి లేచిన రాజ్యం, చెరువులు తవ్వించిన రాజ్యం, మనం గర్వంగా చెప్పుకునే రాజ్యం అదే. మనవాళ్ళు ఒక దిక్కున దండు పంపినవాళ్ళు, ఇంకో దిక్కున దండును ఎదుర్కొన్నవాళ్ళు. ఇట్లాంటి నేల మీద పుట్టి, కథ మొత్తాన్ని నౌక కిటికీలోంచే చూపించావే అని నాకు బాధేసింది.

అట్లని తిరగేసి రాయకు. కెప్టెన్‌ను దుర్మార్గుణ్ణి చేసి, ఆ గ్రహం వాళ్ళను దేవతలను చేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది. వాళ్ళలోనూ తగవులుండాలి, నౌకవాళ్ళతో చెయ్యి కలిపి పక్క ఊరి మీద పాత పగ తీర్చుకుందామనుకునేవాడుండాలి. 1521లో మెక్సికోలోని ఆజ్టెక్ రాజధాని పడిపోయినప్పుడు స్పెయిన్ వాళ్ళు వందల్లో ఉంటే, వాళ్ళతో కలిసొచ్చిన త్లాక్స్‌కాలా తదితర స్థానిక యోధులు వేలకు వేలు. ఆ ముట్టడికన్నా ముందే మశూచి నగరం లోపలికి పోయింది. అలాగే భీం కథనో మేడారం కథనో పేర్లు మార్చి ఆ గ్రహం మీద దించకు. వాళ్ళ గుట్ట, వాళ్ళ వాగు, వాళ్ళ మొక్కులు వాళ్ళకు ఉండనీ.

నాలుగో పేజీలో, దాడికి ముందు రాత్రి, ఒక ముసలామె విత్తనాల కుండను గుంట తీసి పూడ్చిపెడుతుంది. గన్‌మన్ దూరం నుంచి చూసి "ఆయుధాలు దాస్తున్నారు" అంటాడు. రెండే వాక్యాలు రాసి వదిలేశావు. తెలిసి రాశావో, కలం తనంతట తాను రాసిందో గానీ, కథ అక్కడుంది. తను రేపు ఉన్నా లేకపోయినా పైఏడు ఎవరో ఒకరు విత్తుకోవాలని ఆమె ఆరాటం. తెల్లారేలోపు మీద పడతారేమోనని అతని భయం. ఇద్దరిలో ఒక్కరూ చెడ్డవాళ్ళు కాదు, పొద్దున్నకు మాత్రం శవాలు లేస్తాయి. ఆ సీన్‌ను కథ నడిమికి తీసుకురా. ఆమెకు పేరు పెట్టు. కుండ మూతికి ఏం కట్టింది, గుంట దేనితో తీసింది, ఆ చోటు ఎవరికి చెప్పింది? చెప్పించుకున్న మనిషి దాడిలో పోతే ఏమవుతుంది?

పత్రికకు పంపే తొందర పెట్టుకోకు. ముందు ఆ ఊరి గురించి ఒక నోట్‌బుక్ నింపు. ఏం తింటారు, నీళ్ళు ఎక్కడివి, చచ్చిపోయినవాళ్ళను ఏం చేస్తారు, ఎవరి మాటకు ఊరు లేస్తుంది, వీళ్ళకన్నా ముందు ఆకాశం నుంచి ఎవరైనా దిగారా. అందులో చాలా వరకు కథలోకి రాదు, పర్లేదు. యుద్ధం ఆరు పేజీలుంది, రెండుకు దించు. లేజర్ రంగులు ఎవరికీ గుర్తుండవు. మళ్ళీ రాసి పంపు, ఈసారి పేజీ నంబర్లు వెయ్యి.

నీ అన్న