రంది ఉన్న ఇంట్ల సాయంత్రం ప్రార్థన

హనుమకొండ,
నవంబరు 4

బిడ్డా,

మొన్న రాత్రి ఫోనుల నువ్వు అడిగింది ఒక్కటే మాట. "పెద్దమ్మా, ఇంట్ల ప్రార్థన మళ్ల ఎట్ల మొదలు పెట్టాలె? ఎవ్వరూ కూసుంటలేరు" అన్నవు. నేను జవాబు చెప్పబోతె నీకూ ఏడుపు ఆగలే, నాకూ ఆగలే. అందుకే రాస్తున్న. పిల్లలు పండుకున్నంక తీరిగ్గ చదువుకో. మీ అత్తమ్మకు చదివి వినిపించకు. ఆమెతోని నేను వచ్చి మాట్లాడుత.

మీ మరిది లారీ ప్రమాదంల పోయి తొమ్మిది వారాలు. ఇరవై మూడేండ్ల పిల్లగాడు. ఇంత చిన్న కాలంల ఇల్లు మునుపటి లెక్క కావాల్నని నువ్వు కోరుకుంటున్నవు, అది నీ ప్రేమ. కాని కోడలిగ నీ మీద నువ్వే ఒక బరువు ఎత్తుకున్నవు: ఈ ఇంటి విశ్వాసం చల్లారిపోతె అది నా తప్పు అని. ముందు ఆ బరువు దించు. అది నీది కాదు.

మా రెండోవాడు పదకొండేండ్లకు జ్వరంతోని పోయిన సంగతి నీకు ఎరికే. 1994 అది. అప్పటికి నువ్వు ఇంకా పుట్టలే. ఆ దినాలల్ల మా ఇంటికి వచ్చినోళ్లల్ల ఒకామె నా చెయ్యి పట్టుకోని, "దేవుడు తన తోటకు మంచి పువ్వునే కోసుకుంటడు" అన్నది. నన్ను ఓదార్చాలనే అన్నది, పాపం. ఆ మాట విన్నంక ఏడాది దాక నేను పూలు ముట్టలే. పువ్వు కోసుకునే దేవునితోని నాకు మాటలు లేవు అనుకున్న.

మా సంఘంల అప్పుడు ఒక బైబిల్ ఉమెన్, అంటె ఇండ్లకు పోయి వాక్యం చెప్పే సంఘపు ఆడమనిషి, ఉండేది. వయసు మీద పడ్డ మనిషి, పెద్దగ సదువు లేదు. ఆమె వచ్చి, గడప అవతల చెప్పులు ఇడిసి, సక్కగ వంటింట్లకు పోయి బోళ్లు తోమింది. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. నా తోని ఒక్క వచనం చెప్పలే. నాలుగో దినం పోయేటప్పుడు అన్నది: "నువ్వు ప్రార్థన చెయ్యకు బిడ్డా. నీ నోటికి వచ్చేదాక నీ వంతుది నేను చేస్త." నాలుగు నెలలు చేసింది. రోజూ ఇంటికి వచ్చి కాదు, తన ఇంట్ల. ఆమె చేస్తున్నదన్న ఎరుకతోనే నేను బతికిన.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది అదే. ఎవ్వరినీ కూసోమనకు. "రండి, ప్రార్థన టైం అయింది" అని పిలువకు. దుఃఖంల ఉన్నోనికి పిలుపు కూడ హుకుం లెక్క వినబడుతది. రాత్రి బువ్వలు తిన్నంక మీ అత్తమ్మ మంచం దగ్గరికి నువ్వే బైబిలు తీసుకపో. ఆమె అటు తిరిగి పండుకున్నా సరే, అట్లనే ఉండనీ. నాలుగే నిమిషాలు. ఒక కీర్తనల నాలుగు వచనాలు, తర్వాత యేసు నేర్పిన పరలోక ప్రార్థన. అంతే. పాట వద్దు. మీ ఇంట్ల పాట అంటె ఆ పిల్లగాని డోలక్ యాదికొస్తది. గొంతులు వాటంతట అవే లేచేదాక ఆగు. పరలోక ప్రార్థన ఎందుకంటున్ననంటె, దాంట్ల మాటలు మనం ఎతుక్కోవాల్సిన పని లేదు. నోరు దానంతట అదే పోతది. మామయ్య అవతలి అర్రల నుంచి "ఆమేన్" అంటడు ఒక దినం. అన్నడని ఎవ్వరితోని చెప్పకు, గమనించి ఊకో.

ఏ కీర్తన అంటవా? 23 వద్దు, ఇప్పుడే వద్దు. సమాధి కాడ చదివిండ్రు గద, అది ఇప్పుడు మట్టి వాసన కొడుతది. 13 తియ్యి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని దావీదు దేవున్నే నిలదీస్తడు. తర్వాత 88 చదువు. చదివేటప్పుడు నీకు భయమైతది, ఎందుకంటె చాల కీర్తనలు ఏడ్చి ఏడ్చి చివరికి స్తుతిల తేలుతయి, ఇది తేలదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడ్నే ఆగిపోతది. అట్లాంటి కీర్తనను కూడ మన పెద్దలు తీసెయ్యకుండ గ్రంథంల ఉంచిండ్రు. మీ అత్తమ్మ లోపల తిరుగుతున్న మాట బైబిల్ల ఉన్నదని ఆమెకు తెల్వాలె. తను దేవుని మీద కోపపడుతున్నదని ఆమె బుగులుపడుతున్నది, నాకు తెలుసు. కోపమంతా దేవునితోనే చెప్పుకునేటోడు దేవున్ని ఇడిసిపెట్టినట్టు కాదు.

"యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను" అన్న యోబు మాట వచ్చినోళ్లందరు మీ అత్తమ్మకు చెప్పిపోయిండ్రు అన్నవు. అది గొప్ప మాటే. కాని ఒక్కటి చూడు: ఆ మాట యోబు తన పిల్లలు పోయినప్పుడు తన నోటితోని తన గురించి అన్నడు. ఇంకొకరు వచ్చి యోబుకు చెప్పింది కాదు. స్నేహితులు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద ఊకనే కూసున్నరు, అప్పటిదాక మంచి స్నేహితులే. నోరు తెరిచినంకనే చెడింది. "మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అన్న వచనం గూడ అంతే. నేను దాన్ని నమ్ముత. మా పిల్లగాడు పోయిన ఆరేండ్లకు నా అంతట నేను ఆ మాట అనుకున్న. మీ అత్తమ్మ ఎప్పుడంటదో, అసలు అంటదో అనదో, అది ఆమెకు దేవునికి మధ్య ఉన్న సంగతి.

ఆ ప్రార్థన చేసేటాయన సంగతి చెప్పినవు గద, వచ్చి "ఈ ఇంట్ల ఏదో శాపం ఉన్నది, నలభై దినాలు ఉపవాసం పట్టాలె" అన్నడని. ఆయన్ను మళ్ల గడప తొక్కనియ్యకు. మర్యాదగనే, కాని గట్టిగ చెప్పు. మీ అత్తమ్మ "ఎవరి పాపమో, నేనేం పాపం చేసిన్నో" అని కొట్టుకుంటున్నది ఆ మాటతోనే. లూకా సువార్త 13వ అధ్యాయం తీసి చూపియ్యి. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయిండ్రు. వాళ్లు యెరూషలేముల అందరికన్న పాపాత్ములు అనుకుంటున్నరా అని ప్రభువే అడిగి, కాదు అని ప్రభువే చెప్పిండు. ఆమె అడిగినప్పుడల్ల చదువు. పదిసార్లు అడిగితె పదిసార్లు చదువు. విసుక్కోకు.

అల్లుడు చర్చికి వస్తలేడని కుములుతున్నవు. బలవంతం చెయ్యకు, పాస్టరు గారితోని అందరి ముందట చెప్పియ్యకు. మా వాడు పోయినంక నాకు మన చర్చిల అడుగు పెట్టబుద్ధి కాలే. ప్రతి ఒక్కరు జాలిగ చూస్తుంటె ఊపిరాడలే. ఎవ్వరికీ చెప్పకుండ కాజీపేటకు పోయి ఫాతిమా కెథడ్రల్ల వెనుక బెంచీ మీద కూసునేదాన్ని. నేను వాళ్ల సంఘం దాన్ని కాదు, నన్ను అక్కడ ఎవ్వరూ పలకరియ్యరు, అదే నాకు కావాల్సింది. మీ పెదనాన్నకు తెలిసి కూడ ఏమనలే. ఆయన అట్ల ఊకున్నందుకే నేను మళ్ల మన చర్చికి తిరిగి వచ్చిన అనుకుంట.

అల్లునికి ఒక పని అప్పజెప్పు. లారీ కేసు కాయితాలు అట్లనే పడి ఉన్నయన్నవు. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం జమ చేసి వకీలు దగ్గరికి పొమ్మను. నష్టపరిహారం కేసు ప్రమాదం జరిగిన ఆరు నెలల్ల వెయ్యాలన్న నిబంధన 2022 నుంచి ఉన్నది, ఫిబ్రవరి దాటనియ్యకండి. ఇది పైసల పని, లోకం పని అనుకోకు. తమ్మునికి అన్న చేస్తున్న ఆఖరి సేవ అది. చేతులకు పని ఉంటె మగవాళ్ల లోపల ఉన్నది కొంచెం కొంచెం బయటికొస్తది. ఇంకోటి, రాత్రిళ్లు నిద్ర పోతలేడు, తాగి వస్తున్నడు అన్నవు గద. ఇట్లనే సాగితె ప్రార్థనతోనే సరిపెట్టకు, డాక్టరుకు చూపియ్యి. 14416కు ఫోను చేస్తె టెలి మానస్ వాళ్లు, మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోను సాయం అది, తెలుగులనే మాట్లాడుతరు, పైసలు గూడ పడయి. గోలి వేసుకునుడు విశ్వాసం తక్కువై కాదు.

పిల్లల సంగతి. పెద్దది "బాబాయి దేవుని దగ్గర ఉంటె మనమెందుకు ఏడుస్తున్నం" అని అడిగింది అన్నవు. మంచి ప్రశ్న, దాటెయ్యకు. చచ్చిపోయిన లాజరును కొద్దిసేపట్ల లేపబోతున్నడని తెలిసి కూడ "యేసు కన్నీళ్లు విడిచెను" అని రాసి ఉన్నది. అది చూపియ్యి. బాబాయి నిద్రపోతున్నడని మాత్రం చెప్పకు, పిల్లలు పండుకోవాలంటె భయపడుతరు.

మీ మామయ్య అక్క, మన మతం కాని ఆమె, పదకొండో దినం పోయినోని పేరు మీద పిట్టకు బువ్వ పెట్టాల్నని పట్టుబడితె పెద్ద లొల్లి అయింది గద. ఆమె ఆ పిల్లగాన్ని సంకనెత్తుకోని పెంచింది. మనం పిట్టకు పెట్టం, సరే, ఆ మాట నేనూ అంట. కాని ఆమె ఏడుపును ఎల్లగొట్టుడు ఏ వాక్యంల ఉన్నది? ఒక ఆదివారం పిలువు. వానికి ఇష్టమైన సర్వపిండి చెయ్యమను. ఆమె చేతితోనే అందరికీ పెట్టమను. తినేముందు మామయ్య ఒక మాట ప్రార్థన చేస్తడు. ఆమె ఊకనే కూసుంటది, చూడు. ఏడ్చేవాళ్లతోని ఏడువుండ్రి అన్నడు పౌలు. మన సంఘపోళ్లతోనే ఏడువుండ్రి అనలే.

తిండి సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్న. 2023 జులైల మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు మా స్త్రీల మైత్రి, అంటె చర్చి ఆడోళ్ల సంఘం, వాళ్లం చీరలు, దుప్పట్లు, కొత్త నిబంధన పుస్తకాలు తీసుకపోయినం. ఒక ముసలామె దుప్పటి ముట్టలే, పుస్తకం ముట్టలే. "ఎండిన కట్టె ఉన్నదా బిడ్డా, పొయ్యి అంటుకుంటలేదు" అన్నది. మా దగ్గర లేదు. నాకు ఆ దినం సిగ్గయింది. మెదక్ చర్చికి నిన్ను చిన్నప్పుడు తీసుకపోయినప్పుడు చెప్పిన, నీకు యాది ఉన్నదో లేదో. 1914ల పని మొదలు పెట్టిండ్రు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిండ్రు. అవి కరువు దినాలు. ఆ గుడి కట్టిచ్చిన మిషనరీ పోస్నెట్ దొర జనానికి ఊకనే వాక్యం చెప్పి పంపలే, పని ఇచ్చి బువ్వ పెట్టిండు. ఆకలైనోళ్ల చేతులతోని లేచిన గుడి అది. అందుకే మీ ఇంట్ల ఎవ్వరు తినకపోయినా పొయ్యి మాత్రం ఆరనియ్యకు.

క్రిస్మస్ వస్తున్నది, దానికి ఇప్పట్నుంచే బుగులు పడుతున్నవు. స్టార్ కట్టాల్నా వద్దా అని. కట్టు. పోయినేడు వాడు కట్టిన దాన్నే కట్టు, కొత్తది కొనకు. పిల్లలకు కొత్త బట్టలు కొను, పెద్దోళ్లకు అక్కర లేదు. క్యారల్స్ వాళ్లను మా ఇంటికి రావద్దని చెప్దామనుకుంటున్న అన్నవు. అట్ల చెయ్యకు బిడ్డా. మేం 1994ల తలుపు ఏసుకున్నం. ఆ రాత్రి పక్కింటి ముందర పాడి, మా గేటు కాడ గొంతు తగ్గించి, కాళ్ల సప్పుడు గూడ రాకుండ దాటిపోయిండ్రు. అది విన్న. ఇప్పటికీ వినబడుతది. యూత్ వాళ్లకు ముందే కబురు పంపు: రండి, ఒక్క పాట, మెల్లగ, డ్రమ్ములు వద్దు, కేకు వద్దు, చాయ తాగి పోండ్రి. వాళ్లంత వాని దోస్తులే. వాళ్లకూ ఏడ్సేతందుకు ఒక ఇల్లు కావాలె.

మొన్న 2వ తారీఖు సమాధుల పండుగ దినం సమాధుల తోటకు మీ అత్తమ్మ రాలేదని బాధపడకు. నువ్వు పోయి గడ్డి పీకి మైనపువత్తి పెట్టి వచ్చినవు, చాలు. ఆమె ఒక్కతే పోతనంటది ఎప్పుడో. అప్పుడు ఆటో మాట్లాడి పంపు, ఎంబడి పోకు, బయట గేటు కాడ ఉండు.

నీ సంగతి ఒక్క ముక్క గూడ చెప్పలే ఫోనుల. వాడు నిన్ను "వదినమ్మా" అని వంటింట్లకు వచ్చి గంజి నీళ్లు అడిగేటోడని మీ అమ్మ చెప్పింది. నువ్వు ఎప్పుడు ఏడుస్తున్నవు? బాత్రూంల నల్లా ఇప్పి ఏడుస్తున్నవనుకుంట. నీ వంతు ప్రార్థన నేను చేస్తున్న, పొద్దున అయిదింటికి, లేచిన ఎంబడే. నీకు నోరు రాకపోతె ఊకో.

వచ్చే శనివారం కాజీపేటల రైలెక్కి జమ్మికుంటల దిగుత. అల్లున్ని స్టేషనుకు పంపు, తొవ్వల రెండు మాటలు మాట్లాడుకుంటం. నా కోసం ఏం వండకు, చింతకాయ తొక్కు, సకినాలు తెస్తున్న. ఆ డోలక్ అటక మీద పెట్టినమన్నవు. కిందికి దించు. అటక మీద ఎలుకలు తోలు కొరుకుతయి. గుడ్డ కప్పి, వాడు పెట్టే మూలకే పెట్టు. దాన్ని చర్చికి ఇచ్చుడా, ఇంట్ల ఉంచుడా, ఎవరన్న పిల్లగానికి నేర్చుకోమని ఇచ్చుడా, మీ అత్తమ్మ చెప్పేదాక ఎవ్వరు ముట్టొద్దు.

మీ పెద్దమ్మ