అండమాన్‌లో అగ్నిపర్వతం ఉన్న బారెన్ ఐలాండ్‌కి వెళ్తే లావా కనిపిస్తుందా? డబ్బు దండగ కాదు కదా?

లావా కోసమైతే వెళ్లకండి. మాకైతే కనిపించలేదు. అయినా దండగ అనను.

మాది గుంటూరు. మా పిన్ని వాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటారు (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, నా నోటికి పాత పేరే వస్తుంది). అమ్మని తీసుకుని వెళ్లాం. ట్రిప్ బుక్ చేసినతను ఫోన్లో చూపించిన ఫోటోలో ఎర్రటి లావా బుసబుసా సముద్రంలోకి కారుతోంది. అది హవాయిదని మా తమ్ముడు తర్వాత కనిపెట్టాడు. నిలదీస్తే "ఏదైనా అగ్నిపర్వతమే కదండీ" అన్నాడు మహానుభావుడు.

దాదాపు 140 కిలోమీటర్లు, రాత్రంతా బోటులోనే. వాంతుల మాత్ర ఎక్కకముందే వేసుకోండి, ఎక్కాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది. అమ్మ ఒక చేత్తో కవరు, ఇంకో చేత్తో పిన్ని కట్టిచ్చిన పులిహోర డబ్బా మూత నొక్కి పట్టుకుని అలాగే తెల్లవార్లూ కూర్చుంది. వెలుగొచ్చాక చూస్తే నల్లటి కొండ, పైన పచ్చికట్టెలు పెట్టిన పొయ్యిలోంచి వచ్చేంత పొగ. "ఇందుకేనట్రా నన్ను ఇంత దూరం తెచ్చావు?" అంది.

నిజమే, ఎత్తు 354 మీటర్లే, రోజూ మంగళగిరి కొండ చూసేవాళ్లకి అదేం పెద్ద లెక్క? కానీ అక్కడ సముద్రం అడుగు రెండు కిలోమీటర్లకు పైనే లోతు, కొండ మొదలయ్యేది అక్కడ. పైకి కనిపించేది కొస మాత్రమే. "అమ్మా, మన బోటు కిందున్నది కూడా ఈ కొండే" అన్నాను. వెంటనే కాళ్లు బెంచీ మీదకి లాక్కుంది.

ఇంకో మాట. గ్రూప్స్ కోచింగ్‌కి బ్రాడీపేటలో ఉన్నప్పుడు "దేశంలో ఏకైక క్రియాశీల అగ్నిపర్వతం" అని ఒక్క మార్కు కోసం ఎన్నిసార్లు బట్టీ పట్టానో. అదెందుకు మండుతోందో ఒక్క సారూ చెప్పలేదు. మన దేశాన్ని మోస్తున్న భూమి పైపొర ముక్క (భారత ఫలకం అంటారు) అక్కడ బర్మా ఫలకం కిందకి దూరుతోంది, దాంతోపాటు లోపలికెళ్లిన నీటి వల్ల పైనున్న రాయి కరుగుతుంది, అంతే సంగతి. రెండు నిమిషాల్లో అయిపోయే పాఠం! 1787లో పేలడం చూసి రాసిపెట్టారు, ఆ తర్వాత ఇంకొన్నిసార్లు రగిలి, వందేళ్లకు పైగా నిద్రపోయి 1991లో లేచింది. అప్పట్నుంచి ఆగి ఆగి రగులుతూనే ఉంది, 2025 సెప్టెంబర్లో కూడా. అది పొగ వదిలినప్పుడల్లా మన టీవీల వాళ్లు బందరు మునిగిపోతుందన్నట్టు చెప్పడం మాత్రం నాకు ఒళ్లు మంట. 2004 సునామీ సుమత్రా దగ్గర భూకంపం వల్ల వచ్చింది, దీనివల్ల కాదు. అగ్నిపర్వతాలకీ ఆ శక్తి లేదనను, 1927లో ఇండోనేషియా సముద్రంలోంచి పైకొచ్చిన అనక్ క్రకటోవా 2018 డిసెంబర్లో ఒక పక్క కూలిపోతే వచ్చిన సునామీలో 400 మందికి పైగా పోయారు. క్రకటోవా అంటే అక్కడి పాత అగ్నిపర్వతం, దీని పేరుకి క్రకటోవా బిడ్డ అని అర్థం. బిడ్డే అంత పని చేసింది.

దీవి మీద కాలు పెట్టనివ్వరు, బోటులోంచే చూడాలి, దానికీ పర్మిషన్ కావాలి. వానాకాలంలో మాత్రం వద్దు. మనుషులెవరూ లేరు, ఎప్పుడో ఓడలవాళ్లు వదిలేసిన మేకల సంతతి మాత్రం ఉందని బోటతను చెప్పాడు. మాకు ఒక్కటీ కనబడలేదు. అమ్మకి లావా, పొగ అన్నీ పోయి అదొక్కటే పట్టుకుంది. "మరి వాటికి తాగే నీళ్లెక్కడివిరా?" అని తిరుగు దారంతా అడుగుతూనే ఉంది. మొన్న పిన్ని ఫోన్ చేస్తే అమ్మ క్షేమసమాచారాల కంటే ముందు ఆ మేకల సంగతే అడిగింది.