ఫ్లోరైడ్ ఊళ్లో నీళ్ల కంపెనీ పెట్టేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఫ్లోరైడ్ ఊళ్లలో ఆర్వో ప్లాంట్లు పెడతానన్నావు, ఇలాంటి కష్టాలు మార్కెట్టే తీరుస్తుందనీ రాశావు. కొంతవరకు నిజమే. ఎంతవరకో లెక్క కట్టి చూడు.

ముందు నీళ్లు పరీక్ష చేయించు. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా. ఎండాకాలం ఒక శాంపిల్, వానలయ్యాక ఒకటి తియ్యి. టీడీఎస్ మీటరు చూసి మురిసిపోకు, అది నీళ్లలో కరిగినవాటి మొత్తమే చెబుతుంది, ఫ్లోరైడ్‌ను విడిగా చూపదు.

500 గడపల ఊరనుకో. సగం ఇళ్లు రోజుకో 20 లీటర్ల క్యాను అయిదు రూపాయలకు కొంటే నెలకు 37,500. ఆపరేటర్ జీతం, కరెంటు, ఫిల్టర్లు, మెంబ్రేన్‌కు, అంటే నీళ్లను వడకట్టే పొరకు, లవణాలు పేరుకోకుండా వేసే మందు అందులోంచే. మెంబ్రేన్ మార్చడానికి నెలనెలా కొంత తీసి పెట్టకపోతే, అది పాడైన రోజే ప్లాంటుకు తాళం. మిషను కొనిచ్చే దాత దొరుకుతాడు, మెంబ్రేన్‌కు దొరకడు. పైగా వానాకాలం అమ్మకాలు పడిపోతాయి, వేసవిలో గిరాకీ ఉన్నప్పుడు బోరు ఎండుతుంది.

కొనని సగం ఇళ్లు ఎవరివి? ఎక్కువగా కూలీలవి. గారపళ్లు వాళ్ల పిల్లలకే ముందొస్తాయి. వాళ్ల క్యాను డబ్బు పంచాయతీ కడుతుందో, ట్రస్టు కడుతుందో కాగితం మీద రాయించుకున్నాకే మిషను దించు.

ఇంకోటి, ఎవరూ బిల్లులో వెయ్యని ఖర్చు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు ఆర్వోలో పోసి సగం మంచినీళ్లు తీస్తే, మిగతా సగంలో దాదాపు 4 ఉంటుంది. మోరీలోకి వదిలితే మళ్లీ ఆ ఊరి భూమిలోకే. ఫ్లోరైడ్‌ను పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలతో వృథా తక్కువ, కానీ వాటిని కాస్టిక్ సోడాతో కడిగిన నీళ్లను ఎక్కడ పొయ్యాలి? పటిక, సున్నంతో చేసే నల్లగొండ పద్ధతి చవకే, అయితే బురద మిగులుతుంది, పాళ్లు తప్పితే అల్యూమినియం నీళ్లలో ఉండిపోతుంది.

పాత నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరైడ్ జబ్బును డాక్టర్లు 1937లోనే రాసిపెట్టారు. మంచినీళ్లిచ్చే పని తెలియక ఆగలేదు, పెట్టుబడి పెట్టేవాడు లేక ఆగింది. నల్లగొండకు కృష్ణా నీళ్లు మిషన్ భగీరథ పైపుల్లో వచ్చాయంటే అది సర్కారు డబ్బు. అయిదు రూపాయల క్యాను మీద ఏ ఇన్వెస్టరూ ఆ పైపు వెయ్యడు. కాకపోతే ఆ పైపులకు లీకేజీ పట్టే సెన్సర్లు, ఊరూరా చేసే నీటి పరీక్షలు కావాలి. నీలాంటివాళ్లకు పని అక్కడుంది. బిల్లులు మాత్రం ఆలస్యంగా వస్తాయి, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకో.

బ్యాంకుకు వెళ్లేముందు, అడుగున ప్లాస్టిక్ షీటు పరిచిన వృథానీటి గుంట ఖర్చు కూడా వేసి ఆ లెక్క నాకు పంపు.